బ్లాక్ జాగ్రత్త: మెదడు గడ్డకు ఫ్యూజన్ పరీక్ష చేయించేవాళ్ల కోసం

మాది ఖమ్మం. వైరా రోడ్డులో జిరాక్స్, లామినేషన్, ఆన్‌లైన్ దరఖాస్తుల షాపు నాది. మా అక్క కూతురు చిన్నికి ఐదేళ్ల వయసులో మెదడులో గడ్డ బయటపడింది. ఇంట్లో కాగితాల పని తెలిసినవాణ్ణి నేనే కాబట్టి ఆ రోజు నుంచి తన ఫైలు నా దగ్గరే ఉంటోంది. ఆ ఫైలు పట్టుకుని తిరుగుతూ నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. గడ్డలో రెండు జీన్లు అతుక్కుపోయాయా అని చూసేదే ఫ్యూజన్ పరీక్ష. దానికి కావలసింది బ్లాక్, అంటే తీసిన ముక్కను మైనంలో పెట్టి దాచిన బిళ్ల. నేను డాక్టర్ని కాదు. ఏ మందు వాడాలో చెప్పాల్సింది పిల్లల క్యాన్సర్ డాక్టరే. కానీ ఆయన సరైన మాట చెప్పాలంటే ఆయన ముందు సరైన రిపోర్టు ఉండాలి. ఆ రిపోర్టు రావడంలో ఇంట్లోవాళ్లు చేయగలిగింది చాలా ఉంది. అది తెలియక మేం ఎనిమిది నెలలు పోగొట్టుకున్నాం.

చిన్ని టీవీకి మరీ దగ్గరగా కూర్చునేది, తల పక్కకు వంచి చూసేది. కళ్లజోడు పెట్టిస్తే సరిపోతుందనుకున్నాం. కళ్ల డాక్టరు లోపల నరం చూసి, అదే రోజు ఎంఆర్ఐకి రాశారు. కంటి నరాలు రెండూ కలిసే చోట గడ్డ. అక్కడ మొత్తం తీసేస్తే చూపు పోతుంది, పక్కనే హార్మోన్లు నడిపించే భాగం ఉంది. అందుకని హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో చిన్న ముక్క మాత్రం తీశారు. బయాప్సీ రిపోర్టు వచ్చింది: లో గ్రేడ్ గ్లయోమా, అంటే మెల్లగా పెరిగే రకం మెదడు గడ్డ. కింద ఒక వరుసలో "బీరాఫ్ వీ600ఈ: నెగెటివ్" అని ఉంది. ఫోన్‌లో అడిగితే అక్కడి జూనియర్ డాక్టరు "బీరాఫ్ నెగెటివ్ అండీ, బీరాఫ్ మందులేవీ పనికిరావు" అన్నారు. మేం నమ్మాం. కీమో మొదలైంది.

ఎనిమిది నెలల తర్వాత గడ్డ కొంచెం పెరిగింది. రెండో అభిప్రాయానికి వెళ్తే అక్కడి పాథాలజీ మేడమ్ రిపోర్టు చూసి ఒకే ప్రశ్న వేశారు: "ఫ్యూజన్ చూశారా?" ఆ మాట వినడం నాకు అదే మొదటిసారి.

అక్షర దోషం వేరు, పేజీలు మారిపోవడం వేరు

మేడమ్ చెప్పింది నాకు నా షాపు భాషలో అర్థమైంది. బీరాఫ్ అనేది అందరి ఒంట్లోనూ ఉండే జీను. కణానికి "పెరుగు" అనే ఆర్డరు చేరవేసే వరుసలో అదొకటి. దాన్ని రెండు పేజీల దరఖాస్తు అనుకోండి. మొదటి పేజీలో "పై అధికారి అనుమతి ఉంటేనే" అన్న షరతు ఉంటుంది. రెండో పేజీలో ఆర్డరు, సంతకం ఉంటాయి. మా షాపులో రద్దీగా ఉన్న రోజు ఎవరిదో మొదటి పేజీ, ఇంకెవరిదో రెండో పేజీ కలిపి పిన్ను కొట్టేసే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ఫ్యూజన్ అంటే అదే. 7వ క్రోమోజోములో దగ్గరదగ్గరగా ఉండే కేఐఏఏ1549, బీరాఫ్ అనే రెండు జీన్లలో మొదటిదాని ముందు భాగం, రెండోదాని వెనక భాగం అతుక్కుపోతాయి. షరతు ఉన్న పేజీ ఊడిపోతుంది. సంతకం ఉన్న పేజీ మిగిలిపోతుంది. ఇక ఆ కణానికి అనుమతి అక్కర్లేదు, పెరుగుతూనే ఉంటుంది. చిన్నపిల్లల్లో పైలోసైటిక్ ఆస్ట్రోసైటోమా అనే గడ్డలో ఈ అతుకు ఉంటుందని 2008లో బయటపడింది. చిన్న మెదడులో వచ్చే ఆ రకం గడ్డల్లో ఎక్కువ వాటిలో ఇదే కనిపిస్తుంది.

వీ600ఈ అంటే పూర్తిగా వేరు. పేజీలు సరిగ్గానే ఉన్నాయి, 600వ స్థానంలో ఒక్క అక్షరం తప్పు పడింది. గడ్డ పొరకు రంగు వేసి ఆ తప్పును పట్టుకునే రంగు పరీక్ష ఆ ఒక్క తప్పునే పట్టుకుంటుంది. పేజీలు మారిపోతే దానికి తెలియదు. మా రిపోర్టులో "వీ600ఈ నెగెటివ్" నిజమే. "బీరాఫ్ నెగెటివ్" అన్నదే తప్పు. బీరాఫ్‌లో ఫ్యూజన్ ఉందో లేదో అప్పటికి ఎవరూ చూడలేదు.

ఈ తేడా ఊరికే తెలుసుకోవడానికి కాదు. అక్షర దోషం కోసం తయారైన మొదటి తరం బీరాఫ్ మందుల్ని ఫ్యూజన్ ఉన్న గడ్డకు ఇస్తే గడ్డ ఇంకా జోరుగా పెరిగే ప్రమాదం ఉంది. సొరాఫెనిబ్ అనే మందును లో గ్రేడ్ గ్లయోమా ఉన్న పిల్లల్లో ప్రయత్నించినప్పుడు గడ్డలు వేగంగా పెరగడంతో ఆ ప్రయోగాన్ని ముందే ఆపేశారు. ఆ ఫలితాలు 2014లో వెలువడ్డాయి. అందుకే "బీరాఫ్ పాజిటివ్" అని ఎవరు చెప్పినా వెంటనే అడగండి: "వీ600ఈనా, ఫ్యూజనా?" ఫోన్‌లో ఏం చెప్పినా రిపోర్టులో అక్షరం అక్షరం చూశాకే నమ్మండి.

ఆపరేషన్‌కు ముందు

ఇంకా ఆపరేషన్ కాకపోతే మీ చేతిలో మంచి అవకాశం ఉంది. సర్జన్ గారిని కలిసినప్పుడు వినయంగా రెండు మాటలు అడగండి. ఒకటి, తీసిన ముక్కలో కొంత, చెడకుండా ఉంచే ద్రవమైన ఫార్మలిన్‌లో వేయకుండా మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లో దాచే ఏర్పాటు ఇక్కడ ఉందా? ఉంటే జీన్ల పరీక్షలకు అంతకన్నా మంచి సరుకు లేదు. రెండు, ముక్క ఏ ల్యాబుకు వెళ్తుంది, ఫార్మలిన్ డబ్బాలో ఎంతసేపు ఉంటుంది? మూడు రోజులు దాటి ఫార్మలిన్‌లో నానితే లోపలి ఆర్ఎన్ఏ (జీన్ల నుంచి కణం తీసుకునే నకలు) బాగా చెడిపోతుంది. శనివారం సాయంత్రం ఆపరేషన్ అయి సోమవారం సెలవైతే డబ్బా మంగళవారం దాకా అలాగే ఉండిపోయే ప్రమాదం ఉంది. అది అడగడంలో మొహమాటం వద్దు.

పిల్లకు ఒంటి మీద కాఫీ రంగు మచ్చలు ఆరు, అంతకన్నా ఎక్కువ ఉంటే ముందే చెప్పండి. ఎన్ఎఫ్1 అనే పుట్టుకతో వచ్చే సమస్యలో కూడా కంటి నరం మీద గడ్డలు వస్తాయి. అలాంటి పిల్లల్లో చాలాసార్లు బయాప్సీ అవసరమే ఉండదు.

బ్లాక్ అంటే ఏమిటి, ఎలా తెచ్చుకోవాలి

తీసిన ముక్కను ల్యాబులో ఫార్మలిన్‌లో గట్టిపరిచి, నీళ్లు తీసేసి, కరిగించిన పారఫిన్ మైనంలో పెట్టి చల్లారుస్తారు. అగ్గిపెట్టె కన్నా చిన్నగా ఉండే ప్లాస్టిక్ జాలీ పెట్టెకు అంటుకుని తెల్లటి మైనం బిళ్ల వస్తుంది. అదే బ్లాక్. మొదటిసారి చేతిలో పెట్టుకున్నప్పుడు వెలుతురుకు ఎత్తి చూశాను. మైనం మధ్యలో పెసరబద్దంత లేత గోధుమరంగు మరక. మా చిన్ని తలలోంచి వచ్చింది అంతే. పెట్టె వాలు అంచు మీద పెన్సిల్‌తో బయాప్సీ నంబరు, దాని తర్వాత "ఎ1" అని రాసి ఉంది.

ఆ మరకే మీ ఆస్తి. గాజు స్లైడులు దానిలోంచి సన్నటి పొరలుగా కోసి చేసినవే. స్లైడులు పోతే మళ్లీ కోయొచ్చు, బ్లాక్ అయిపోతే మళ్లీ తల తెరవాలి.

డిశ్చార్జి రోజు చాలామందికి స్లైడులు, రిపోర్టు ఇచ్చి పంపుతారు. బ్లాక్ అడగకపోతే ఇవ్వరు. పాథాలజీ విభాగానికి తెల్లకాగితం మీద దరఖాస్తు రాయండి: పేషెంటు పేరు, యూహెచ్ఐడీ నంబరు (ఆసుపత్రి పేషెంటుకు ఇచ్చే నంబరు), బయాప్సీ నంబరు, తేదీ, "మాలిక్యులర్ పరీక్ష కోసం అన్ని పారఫిన్ బ్లాకులు, స్లైడులు ఇప్పించగలరు" అని. "అన్ని" అనే మాట తప్పకుండా రాయండి, ఎందుకో కింద చెబుతాను. ఒక కాపీ మీద రిసీవ్డ్ ముద్ర వేయించుకుని ఫైల్లో పెట్టండి. రిపోర్టులు, కేస్ షీట్ లాంటి రికార్డులు కూడా అప్పుడే అడగండి. పేషెంటు తరఫువాళ్లు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని డాక్టర్ల 2002 నిబంధనల్లోనే ఉంది. ఆ నిబంధన సంగతి గొడవ పెట్టుకోవడానికి వాడకండి. కౌంటర్లో "రేపు రండి, ఎల్లుండి రండి" అన్నప్పుడు మెత్తగా గుర్తుచేస్తే చాలు.

కొన్నిచోట్ల బ్లాక్ ఇవ్వరు, నేరుగా ఇంకో ల్యాబుకు పంపిస్తామంటారు. అదీ మంచిదే. అప్పుడు పంపిన తేదీ, కొరియర్ నంబరు రాసుకోండి.

మే నెల ఎండలో నేను చేసిన తప్పు

ఇది చెప్పడం నాకు కష్టం. అయినా చెప్పాలి.

మొదటి ఆసుపత్రి నుంచి ఎ1 బ్లాక్ తెచ్చింది మే నెలలో. మాకు మేలో ఎండ ఎలా ఉంటుందో ఖమ్మం వాళ్లకు చెప్పనక్కర్లేదు. హైదరాబాద్‌లో మా స్నేహితుడి బైకు తీసుకుని, బ్లాక్‌ను టిష్యూ కాగితంలో చుట్టి బైకు డిక్కీలో పెట్టాను. ల్యాబు తలుపు తీసేది మూడింటికి అంటే, బండి ఎండలో పెట్టి పక్కన హోటల్లో భోజనం చేశాను. గంటన్నర. ల్యాబులో కౌంటర్ దగ్గర పొట్లం విప్పితే మైనం మెత్తబడి ఓ మూల టిష్యూ కాగితానికి అంటుకుపోయింది. పారఫిన్ కరగడానికి 56 నుంచి 60 డిగ్రీల వేడి కావాలి, మూసిన డిక్కీలో అంత దగ్గరికి రావడానికి ఎంతో సేపు పట్టదు. అక్కడి టెక్నీషియన్ నన్ను ఒక్క మాట అనలేదు. బ్లాక్‌ను వెలుతురులో తిప్పి చూసి, "మళ్లీ మైనంలో పెట్టి ఎంబెడ్ చెయ్యాలన్నా. చేశాక పైన సమం చెయ్యడానికి కొంత కోసి పారెయ్యాల్సి వస్తది" అన్నారు. ఆ పారేసేది చిన్ని గడ్డలో భాగమే. అసలే రంగు పరీక్షల కోసం చాలా కోసేసిన బ్లాక్ అది. పది రోజులకు రిపోర్టు వచ్చింది: కణజాలం చాలదు, పరీక్ష జరగలేదు.

మా అక్కకు ఆ మాట చెప్పిన రాత్రి నేను ఇంటికి పోలేదు, షాపులోనే పడుకున్నాను.

కాబట్టి ఇలా చేయండి. బ్లాక్‌ను చిన్న జిప్ కవర్లో పెట్టి, దాన్ని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. ఎండాకాలమైతే ఆ డబ్బాను థర్మాకోల్ పెట్టెలో, పక్కన చల్లటి జెల్ ప్యాక్ గుడ్డలో చుట్టి పెట్టండి. మైనానికి నీళ్లు తగలకూడదు కాబట్టి విడి ఐసు వద్దు. ఆగి ఉన్న కారులో, డిక్కీలో, బస్సు ఇంజిన్ పక్కన పెట్టకండి. రైల్లో ఒళ్లో పెట్టుకోండి. ఇంట్లో అయితే నీడన ఉండే బీరువాలో గది వేడిలో ఉంచినా బాగానే ఉంటుంది. స్లైడులు విడిగా, స్లైడు పెట్టెలో.

రెండో బ్లాక్ ఎలా దొరికింది

పరీక్ష జరగలేదన్న రిపోర్టు చూసి మా బావ "ఇంక వదిలేద్దాం" అన్నాడు. నాకు మనసొప్పక పాత బయాప్సీ రిపోర్టు మళ్లీ మొదటి నుంచి చదివాను. రిపోర్టు తీసుకోగానే అందరం కింద ఉన్న డయాగ్నోసిస్ చూస్తాం. పైన "గ్రాస్" అనే పేరా ఒకటి ఉంటుంది: ముక్కలు ఎన్ని వచ్చాయి, ఎంత సైజు, ఎన్ని కాసెట్లలో, అంటే ఆ జాలీ పెట్టెల్లో, పెట్టారు అని. దాన్ని ఎవరూ చదవరు. అందులో "ఎ1, ఎ2" అని ఉంది. రెండు బ్లాకులు! మాకు ఇచ్చింది ఒకటే. నేను దరఖాస్తులో "బ్లాక్" అని రాశాను, వాళ్లు ఒక బ్లాక్ ఇచ్చారు.

మర్నాడు గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లి, ఆ వరుస కింద గీత గీసి జిరాక్స్ కాపీ జతచేసి మళ్లీ దరఖాస్తు పెట్టాను. స్టోర్‌లో వెతికి ఎ2 ఇచ్చారు. దాన్ని ఎవరూ పెద్దగా కోయలేదు. దానిలో గడ్డ భాగం బాగానే ఉంది.

అందుకే గ్రాస్ పేరా చదవండి. బ్లాకులు ఎన్నో లెక్క చూసుకోండి. వాటిలో గడ్డ ఎక్కువ ఉన్నది ఏదో పాథాలజిస్టును అడగండి. కొన్ని బ్లాకుల్లో మామూలు మెదడు పదార్థమో రక్తమో ఎక్కువ ఉంటుంది. ముక్క చిన్నదైతే ఇంకో మాట కూడా చెప్పండి: "దయచేసి కోసేటప్పుడు రంగు పరీక్షలకు, జీన్ల పరీక్షకు కావలసిన ఖాళీ స్లైడులు అన్నీ ఒకేసారి కోసి పెట్టండి" అని. బ్లాక్‌ను మిషన్ మీద బిగించిన ప్రతిసారీ పైపొర సమం చేయడానికి కొంత వృథా అవుతుంది. ఒకేసారి కోస్తే ఆ వృథా ఒక్కసారే.

ఏ పరీక్ష అడగాలి

"ఎన్‌జీఎస్ చేయించండి" అని చీటీ రాస్తే సరిపోదు. ఎన్‌జీఎస్ అంటే చాలా జీన్లను ఒకేసారి చదివే పరీక్ష, ఏ జీన్లు చదవాలో ఆ జాబితానే ప్యానెల్ అంటారు. ల్యాబుకు డబ్బు కట్టే ముందు జీన్ల జాబితా అడిగి తీసుకోండి. పిల్లల మెదడు గడ్డలకు అవసరమైన ఫ్యూజన్లు ఆ జాబితాలో ఉన్నాయో లేదో మీ డాక్టరుతో చూపించుకోండి. ఊపిరితిత్తుల క్యాన్సర్ కోసం తయారైన ప్యానెల్ చవగ్గా దొరుకుతుంది, దానిలో మనకు కావలసింది లేకపోవచ్చు. రెండో ప్రశ్న: చూసేది డీఎన్ఏనా, ఆర్ఎన్ఏనా? జీన్లు తెగి అతుక్కునే చోటు చాలాసార్లు డీఎన్ఏలోని పనికి రాని పొడుగాటి భాగాల్లో ఉంటుంది, మామూలు డీఎన్ఏ ప్యానెల్ దాన్ని దాటి పోవచ్చు. ఆర్ఎన్ఏలో ఆ అనవసరపు భాగం తీసేసి ఉంటుంది, అతుకు నేరుగా కనిపిస్తుంది. అందుకని ఫ్యూజన్లకు ఆర్ఎన్ఏ సీక్వెన్సింగ్ మేలు.

చవకైన దారులూ ఉన్నాయి. ఫిష్ పరీక్షలో మెరిసే చుక్కలతో జీను తెగిందా, ఎక్కువైందా చూస్తారు. మా బీరాఫ్ ఫ్యూజన్లో జీన్లు పక్కపక్కనే కాబట్టి ఆ చుక్కలు చదవడానికి అనుభవం కావాలి. ఆర్‌టీ-పీసీఆర్ అయితే ముందే తెలిసిన అతుకుల్ని మాత్రం పట్టుకుంటుంది. కేఐఏఏ1549 16వ ఎక్సాను (ఎక్సాను అంటే జీనులో ఒక ముక్క), బీరాఫ్ 9వ ఎక్సాను కలిసే రకం అన్నిటికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. మీ గడ్డలో అరుదైన అతుకు ఉంటే పీసీఆర్ నెగెటివ్ అంటుంది. అది అబద్ధం కాదు, వెతికిన చోట లేదు అంతే. మిథైలేషన్ ప్రొఫైలింగ్ అని ఇంకొకటి ఉంది. గడ్డ ఏ జాతిదో డీఎన్ఏ మీది గుర్తులతో కంప్యూటర్ పోల్చి చెబుతుంది. జర్మనీలోని హైడెల్‌బర్గ్ వాళ్లు 2018లో ఆ పద్ధతిని ప్రపంచం ముందు పెట్టారు. డాక్టర్లకే పేరు తేలని గడ్డలకు అది బాగా ఉపయోగం.

మన ఊళ్లో చేయలేని పరీక్షకు ముంబైలో టాటా మెమోరియల్, బెంగళూరులో నిమ్‌హాన్స్, ఢిల్లీలో ఎయిమ్స్, వెల్లూరులో సీఎంసీ లాంటి చోట్ల మెదడు గడ్డల మీద బాగా పట్టున్న పాథాలజిస్టులు ఉన్నారు. పిల్లను వెంటనే తీసుకుపోనక్కర్లేకుండా బ్లాకులు, స్లైడులు, రిపోర్టు, ఎంఆర్ఐ సీడీ పట్టుకుని ఒకరు వెళ్లి రావచ్చేమో ముందు ఫోన్ చేసి కనుక్కోండి. టాటాకు వెళ్లేవాళ్లు జనరల్ కేటగిరీయా, ప్రైవేటా అన్నది కార్డు తీసేటప్పుడే ఆలోచించుకుని చెప్పండి, ఖర్చులో చాలా తేడా ఉంటుంది. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్, కీమో వచ్చినంత తేలిగ్గా ఈ జీన్ల పరీక్షలు రావు. డబ్బు ముందే చూసుకోండి. సీఎం రిలీఫ్ ఫండ్‌కు పెట్టుకునేవాళ్లు ఒరిజినల్ బిల్లులు ఎవరికీ ఇచ్చేయకుండా దాచండి.

రిపోర్టు వచ్చాక

ఫ్యూజన్ రాసే పద్ధతి గుర్తుపట్టడం తేలిక. ఒక జీను పేరు, మధ్యలో రెండు కోలన్లు, తర్వాత ఇంకో జీను పేరు. పాత రిపోర్టుల్లో కోలన్ల బదులు అడ్డగీత ఉంటుంది. 2021లో వచ్చిన డబ్ల్యూహెచ్ఓ మెదడు గడ్డల పుస్తకం ఐదో ఎడిషన్ ప్రకారం, మైక్రోస్కోపులో కనిపించింది, జీన్లలో తేలింది కలిపి ఒకే పేరు రాయడం పద్ధతి. దాన్ని ఇంటిగ్రేటెడ్ డయాగ్నోసిస్ అంటారు. ఆ మాట మీ రిపోర్టులో ఉందా చూడండి. పేరు చివర "ఎన్ఓఎస్" అని ఉంటే, పూర్తి పేరు పెట్టడానికి కావలసిన పరీక్షలు ఇంకా కాలేదని అర్థం. "ఎన్ఈసీ" అని ఉంటే పరీక్షలు అయ్యాయి, ఉన్న పేర్లలో ఏదీ సరిపోలేదని అర్థం. మా మొదటి రిపోర్టులో ఎన్ఓఎస్ ఉంది. మూడు అక్షరాలు. ఎనిమిది నెలలు కళ్ల ముందే ఉన్నాయి.

"క్యూసీ ఫెయిల్" (సరుకు నాణ్యత చాలలేదు), "కణజాలం చాలదు" అంటే నెగెటివ్ కాదు. పరీక్షే జరగలేదు. ఫైల్లో దాని మీద ఎర్ర పెన్నుతో "జరగలేదు" అని రాసి పెట్టుకోండి. లేకపోతే ఆరు నెలల తర్వాత ఇంకో డాక్టరు హడావిడిలో నెగెటివ్ అని చదివేస్తారు.

ఎ2 మీద రిపోర్టు మూడు వారాలకు వచ్చింది. పైలోసైటిక్ ఆస్ట్రోసైటోమా, గ్రేడ్ 1, కేఐఏఏ1549::బీరాఫ్ ఫ్యూజన్ ఉంది.

ఆ రోజు అక్క అడిగింది జీన్ల గురించి కాదు. అక్కది మేనరికం, బావ మా అత్త కొడుకే. చిన్నికి గడ్డ అన్నప్పటి నుంచి బంధువుల్లో ఎవరో ఒకరు "మేనరికం చేసుకుంటే ఇంతే" అంటూనే ఉన్నారు. జీను అన్న మాట వినగానే అక్క ముఖం మాడిపోయింది. నేను మేడమ్ గారినే అడిగాను, అక్క ముందే. ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుని చెప్పారు: ఈ అతుకు అమ్మ నుంచీ రాలేదు, నాన్న నుంచీ రాలేదు. చిన్ని మెదడులో ఏదో ఒక కణంలో, కణం రెండుగా చీలుతున్నప్పుడు జరిగింది. గడ్డలో తప్ప ఒంట్లో ఇంకెక్కడా లేదు. మేనరికానికీ దీనికీ సంబంధం లేదు. చిన్ని తమ్ముడికి పరీక్ష అక్కర్లేదు. అక్క అక్కడే ఏడ్చేసింది. మీ ఇంట్లోనూ ఈ అనుమానం లోలోపల ఎవరినో తినేస్తూ ఉంటుంది. డాక్టరు నోటితో, అందరి ముందూ, ఈ మాట చెప్పించండి. ఎన్ఎఫ్1 లాంటి పుట్టుక సమస్య ఉంటే కథ వేరు, అది కూడా డాక్టరే తేలుస్తారు.

మందు విషయానికొస్తే, బీరాఫ్ తర్వాతి మెట్టు అయిన మెక్‌ను ఆపే ట్రామెటినిబ్ మా చిన్నికి మొదలుపెట్టారు. మొదలయ్యే ముందు గుండెకు ఎకో, కంటి పరీక్ష చేయించారు, మధ్యమధ్యలో మళ్లీ చేయిస్తున్నారు. మాత్ర ఖాళీ కడుపుతో వేయాలి, తిండికి గంట ముందు కానీ రెండు గంటల తర్వాత కానీ. ఫ్రిజ్‌లో పెట్టాలి, డీప్ ఫ్రీజర్లో కాదు. చిన్నికి గోళ్ల పక్కన చర్మం వాచి చీము పట్టేది, మొటిమల్లాంటివి వచ్చాయి. గోళ్లు మూలల్లోకి కోయకుండా తిన్నగా కత్తిరించి, చెప్పులు వదులుగా వేస్తే కొంత నయం. అమెరికాలో 2024 ఏప్రిల్‌లో టొవొరాఫెనిబ్ అనే మందుకు అనుమతి వచ్చింది. ముందు వైద్యం పనిచేయని, బీరాఫ్ మార్పు ఉన్న పిల్లల లో గ్రేడ్ గ్లయోమాకు, ఆరు నెలలు దాటిన పిల్లలకు. వారానికి ఒకసారి వేసే మందు, ఫ్యూజన్ ఉన్నవాళ్లకూ ఇస్తారు. ఇక్కడ దొరకని మందును డాక్టరు చీటీతో సొంత వాడకానికి తెప్పించుకోవాలంటే ఫారం 12ఏ నింపి అర్జీ పెట్టాలి, అనుమతి 12బీలో వస్తుంది. ఆ ఫారాల్లో మందు పేరు, డోసు, ఎన్ని రోజులకు అన్నది డాక్టరు చీటీలో ఉన్నట్టే, ఒక్క అక్షరం తేడా లేకుండా రాయండి. నేను చాలా ఫారాలు నింపాను, తిరిగొచ్చేవి ఎక్కువగా ఇలాంటి తేడాల వల్లే.

మీ గడ్డ వేరేదైతే

ఫ్యూజన్లు ఇదొక్కటే కాదు. ఆసుపత్రి వరండాల్లో కలిసిన కుటుంబాల వల్ల కొన్ని పేర్లు తెలిశాయి. పెద్ద మెదడులో వచ్చే ఎపెండైమోమా ఉన్న పిల్లలకు జెడ్ఎఫ్‌టీఏ ఫ్యూజన్ చూడాలి. 2014లో కనుక్కున్నప్పుడు రేలా ఫ్యూజన్ అనేవాళ్లు, 2021 నుంచి పేరు మారింది, రెండూ ఒకే వరుసలోవే. అదే చోట యాప్1 ఫ్యూజన్ ఉన్న రకం వేరు. ఏడాది లోపు పసిపిల్లల్లో పెద్ద మెదడు సగమంతా ఆక్రమించే గడ్డ ఉంటే ఎన్‌టీఆర్‌కే, ఏఎల్‌కే, రాస్1, మెట్ ఈ నాలుగూ తప్పక అడగండి. మైక్రోస్కోపులో అవి భయంకరంగా కనిపిస్తాయి, పెద్దవాళ్లకు వచ్చే గ్లయోబ్లాస్టోమా అని రాసేస్తారు. కానీ ఆ పిల్లలకు ఆ ఫ్యూజన్‌కు తగిన మందులు ఉన్నాయి. ఎన్‌టీఆర్‌కే ఫ్యూజన్ ఉన్న గడ్డ ఒంట్లో ఎక్కడున్నా వాడేలా లారోట్రెక్టినిబ్‌కు అమెరికాలో 2018లోనే అనుమతి వచ్చింది, పసివాళ్ల కోసం ద్రవ రూపంలోనూ ఉంది. ఒక జాగ్రత్త: ఎన్‌టీఆర్‌కే కోసం చేసే రంగు పరీక్షను మెదడులో నమ్మలేం, మామూలు మెదడు కణాలకు కూడా ఆ రంగు పడుతుంది. సీక్వెన్సింగే చేయించాలి. మెదడు పొరలకు అంటుకుని ఉండే సాలిటరీ ఫైబ్రస్ ట్యూమర్‌కు మాత్రం ఇంత తిరుగుడు అక్కర్లేదు. ఎన్ఏబీ2::స్టాట్6 ఫ్యూజన్‌ను స్టాట్6 రంగు పరీక్షే బాగా పట్టిస్తుంది, చవక కూడా.

పరీక్ష అయిపోయాక మిగిలిన బ్లాక్ వెనక్కి తీసుకోండి. చాలామంది రిపోర్టు చేతికి రాగానే వచ్చేస్తారు. ఎన్ని రోజులు దాచి పారేస్తారో ల్యాబును బట్టి ఉంటుంది. రేపు గడ్డ తీరు మారితే, ఇంకో పరీక్ష వస్తే, ఆ మరకే కావాలి. మా ఎ2ను కౌంటర్లో ఇచ్చేటప్పుడు టెక్నీషియన్ పైన కోసిన చోట కొత్త మైనం పలుచగా పూసి ఇచ్చారు, గాలి తగలకుండా. ఇప్పుడది షాపు వెనక గదిలో, ఎండ పడని గోడ వైపు బీరువాలో, చిన్ని ఫైలు పక్కనే ఉంది. ఫైలు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాసి లామినేషన్ చేశాను: బయాప్సీ నంబరు, బ్లాకులు ఎ1, ఎ2, ఎ1 అయిపోయింది, ఎ2 బీరువాలో. కింద, వీ600ఈ లేదు, ఫ్యూజన్ ఉంది. వచ్చే ఎంఆర్ఐ తేదీ మాత్రం చిన్న కాగితం మీద రాసి అంటించాను, అది మారుతూ ఉంటుంది కాబట్టి.